రెండాకులు తక్కువ

హలో, హలో, మైక్ టెస్టింగ్.
సదస్సుల నా ప్రసంగం గంతే.
తర్వాతంత పెద్దోళ్లది.

టెంట్‌హౌస్‌ల మైకు పని నాది, పేరు ఓదెలు.
రెండేండ్ల సంది ఈ దిక్కు న్యాయ సదస్సులన్నిటికి
మా బాక్సులే.
మల్యాలల విన్న, రాయికల్‌ల విన్న,
ధర్మపురిల వాన పడుతుంటె
యాంప్లిఫయర్ మీద నా అంగి కప్పి విన్న.
బండ్ల చట్టం నాకు నోటికొస్తది,
నా బండికి ఇన్సూరెన్స్ లేదు.
లోక్ అదాలత్‌ల రాజీ అయితే
మళ్ల అప్పీలు లేదని ఇంట్ల చెప్పిన.
"మరి మనది గదే గద" అన్నది మా ఆమె.

ఇయ్యాల కోరుట్ల అవుతల,
బీడీల కంపెనీ రేకుల షెడ్డు.
ఫ్లెక్సీ మీద త్రాసు బొమ్మ.
గాలికి ఒక పళ్లెం మడతవడ్డది,
తాడు బిగిస్తె రెండోది మడతవడ్డది.
ఇడిశిపెట్టిన.

ఆడోళ్లు రెండొందల మంది,
ఒళ్లె చాటలు, చేతుల కత్తెర్లు.
"పని ఆపున్రి, సారొచ్చిండు" అన్నడు మేనేజర్.
ఎవ్వలాపలే.
జడ్జి సారే అన్నడు, చేసుకోనియ్యున్రి అని.
అప్పటి సంది నాకు తిప్పలు,
మైకుల కత్తెర్ల చప్పుడు
పిచ్చుకలు జొన్నల మీద వడ్డట్టు,
ఆ నడుమ రాజ్యాంగం.

"తెల్వదంటె చట్టం ఒప్పుకోదమ్మా" అన్నడు సారు.
ఈ మాట కాడ ఏ ఊర్లె చప్పట్లు రావు.
నేనే వాల్యూం జర తగ్గిస్త,
ఎవలన్న ఉలిక్కిపడ్తరని.

కరపత్రాలు పంచిన్రు.
సగం మంది చాటల కింద పరుసుకున్నరు.

తర్వాత నుస్రత్ మేడం లేచింది,
జగిత్యాల కోర్టుల చిన్న వకీలు.
నల్లకోటు కుర్చీకి తగిలిచ్చి వచ్చింది,
కాయిదం తియ్యలే.
"మా అమ్మీ చుట్టిన బీడీలతోటి చదువుకున్న.
ఇక్కడ ఛాట్ ఎంత తీస్తున్నరు?"
కత్తెర్లు ఆగినయి.
రెండేండ్లల నా బాక్సులు
అంత సప్పుడు లేకుంట ఎన్నడు పలుకలే.

మేనేజర్ ఫోన్ మాట్లాడుకుంట బయటికి వోయిండు.

లసుమవ్వ లేచింది.
మైకును గంటె పట్టినట్టు పట్టింది,
నోటికి మూరెడు దూరం.
"దగ్గర వెట్టవ్వా" అన్న.
పెట్టింది. మైకు కూతేసింది.
అందరు నవ్విన్రు, ఆమె నవ్వలే.
"వెయ్యి చుడితె నూటయాభై
బాగలేవని పక్కకు వెడ్తరు.
బాగలేకుంటె నాకియ్యాలె గద? ఇయ్యరు.
అవి సుత కట్టలల్లనే పోతయి.
బాగలేనియి ఎట్ల అమ్ముడువోతున్నయి బిడ్డా?"

సారు రాసుకున్నడు.
మేడం చెప్పింది, అర్జీ ఎట్ల వెట్టాలె,
లేబర్ ఆఫీసుల ఎవలను కలువాలె,
ఆస్తి ఉన్నా లేకున్నా ఆడోళ్లకు
సర్కారు వకీలును ఫీజు లేకుంట ఇస్తదని.
ఫోన్ నంబర్ చెప్పింది,
ఒకటి, ఐదు, ఒకటి, రెండు సున్నలు.

లసుమవ్వ కాడ పెన్ను లేదు.
తునికాకు ఒకటి ఏరి
కత్తెర మొనతోటి గీకింది.
సున్న తిరగంగ ఆకు చినిగింది.
ఇంకోటి తీసింది. అది నిలవడ్డది.
కొంగుల ముడేసుకున్నది.

"రెండాకులు తక్కువొస్తయి పెద్దమ్మా,
లెక్క చెప్పాలె" అన్నది పక్క పిల్ల.
"రానియ్. ఆ నూటయాభైల జమ కట్టుకొమ్మను."

చాయ తాగిన్రు, ఫోటో దిగిన్రు,
సారు కారు పోయింది.
వాళ్లు బీడీలు చుట్టవట్టిన్రు,
నేను వైరు చుట్టవట్టిన.
కనీస వేతనం ఎంతనో నలభై సార్లు విన్న,
రూపాయి తేడా లేకుంట చెప్త.
మా సేటు మూడు నెలల సంది
పెండ్లిళ్ల సీజన్ అయినంక ఇస్తనంటున్నడు.
సీజన్ అయిపోయి ముసురు వెట్టింది.

ఆయననే ఫోన్ జేసిండు.
"ఓదెలూ, సామానంత ఎక్కిచ్చినవా?"
"ఎక్కిచ్చిన సేటూ."
"ఇంకేమన్ననా?"

మైకు ఆఫ్ జేసే ఉన్నది.
హలో, అన్న.
హలో, హలో.